బడిలో ఉన్న ఓపిక ఇంటికొచ్చేసరికి ఏమవుతోంది?

జగిత్యాల జిల్లా నుంచి ఒక తల్లి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 33. ప్రైవేటు బడిలో రెండో తరగతి టీచరు, జీతం 12 వేలు. భర్త ఏడేళ్లుగా దుబాయ్‌లో పనిచేస్తున్నారు, రెండేళ్లకోసారి వచ్చిపోతారు. బాబు నాలుగో తరగతి, పాప యూకేజీ. ఇంట్లో అత్తమ్మ ఉంటారు, ఆమెకు మోకాళ్ల నొప్పులు.

పోయిన నెల ఒక సాయంత్రం బాబు హిందీ కాపీ రాయకుండా రబ్బరుతో ఆడుకుంటూ కూర్చున్నాడు. ఈమె మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి వాడి బ్యాగులోని చెక్క స్కేలు తీసి చేతి మీద, వీపు మీద కొట్టారు. ‘ఆపాలని తెలుస్తూనే ఉంది, చెయ్యి ఆగలేదు’ అని రాశారు. మర్నాడు బ్యాగులో స్కేలు లేదు. రెండు రోజుల తర్వాత ఇల్లు ఊడుస్తుంటే బీరువా వెనక, గోడకు ఆనించి కనిపించింది. వాడే దాచాడు. ఈమె దాన్ని చూసి మళ్లీ అక్కడే పెట్టేశారు. దొరికిన సంగతి వాడికి చెప్పలేదు.

కొట్టిన రోజు రాత్రే వీడియో కాల్‌లో పాప ‘నాయినా, అమ్మ అన్నను కొట్టింది’ అని చెప్పేసింది. భర్త ‘ఇద్దరు పిల్లలను చూసుకునుడు కూడ చాతనైతలేదా’ అన్నారు. పక్కనుంచి అత్తమ్మ ‘మేం నలుగురిని పెంచినం, గిట్ల ఎన్నడన్న ఒర్లినమా’ అన్నారు. ఎవరో ఫోన్‌లో చెప్పారని ఈమె తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి యోగా మొదలుపెట్టి తొమ్మిది రోజులు చేశారు. చిరాకు తగ్గకపోగా పెరిగింది, మానేశారు. ఒకసారి బ్యూటీ పార్లర్‌కు వెళ్తే వీధిలో ఒకామె ‘మొగడు దుబాయ్‌ల ఉంటె ఎవలి కోసమమ్మా ఈ సోకు’ అంది. మళ్లీ వెళ్లలేదు.

‘బడిలో 38 మంది పిల్లలున్నారు. నన్ను ఓపికున్న టీచరంటారు. నా ఇద్దరి దగ్గర ఆ ఓపిక ఎందుకు లేదు? మీ కోసం మీరు టైం పెట్టుకోండి అని అందరూ అంటారు. ఆ టైం ఎక్కడుంది? నేను చెడ్డ తల్లినా?’ ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ మూడో ప్రశ్న ముందు పట్టుకుంటే మీరూ నేనూ ఏడుస్తూ కూర్చోవడమే అవుతుంది. మొదటి దాని దగ్గర మొదలుపెడదాం. మీరు దాన్ని బాధతో అడిగారు గానీ అసలు సంగతంతా అందులోనే ఉంది.

బడిలో మీ రోజు ఎలా నడుస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. నలభై నిమిషాలకు ఒకసారి గంట కొడతారు. ఒక క్లాసు మిమ్మల్ని ఎంత విసిగించినా గంట కొట్టగానే బయటికొస్తారు. మధ్యలో ఇంటర్వెల్ ఉంది, స్టాఫ్ రూములో టీ ఉంది, ‘ఆ మూడో బెంచీ పిల్లగాడు పాణం తీస్తుండు’ అని చెప్పుకోవడానికి ఇంకో టీచరుంది. మధ్యాహ్నం కూర్చుని తింటారు. ఇంట్లో ఇవేవీ లేవు. ఐదింటికి గడప దాటిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఒకటే పీరియడ్, టీచరూ ఒక్కరే. 38 మందిని సముదాయించే మనిషి ఇద్దరి దగ్గర తేలిపోవడంలో మీ గుణం కంటే మీ టైంటేబుల్ తప్పే ఎక్కువ.

ఇంకో సంగతి. బడిలో చెయ్యి ఎత్తితే ఏమవుతుందో మీకు తెలుసు. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010లో అమల్లోకి వచ్చినప్పటి నుంచీ బడిలో పిల్లల్ని కొట్టడం నిషేధం, అందులో సెక్షన్ 17 దాని గురించే. కాబట్టి అక్కడ ‘కొట్టాలా వద్దా’ అన్న ప్రశ్నే మీకు రాదు. ఇంట్లో ఆ తలుపు తెరిచే ఉంది. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపూ అటు వెళ్లరు. అయిపోగానే కాలు అటే పోతుంది.

మన భాషలో ఓపిక అన్న మాట ఉంది చూశారూ, దానికి రెండు అర్థాలు. జ్వరం వచ్చి లేచినవాళ్లు ‘నడిచే ఓపిక లేదు’ అంటారు. పిల్లాడు పదోసారి ఒకటే ప్రశ్న అడిగితే ‘నాకు ఓపిక లేదురా’ అంటాం. ఒంటి శక్తికీ మనసు నిదానానికీ మన పెద్దలు వేరే వేరే మాటలు వెతుక్కోలేదు, రెండూ ఒకే కుండలోవని వాళ్లకు తెలుసు కాబోలు. మీరు మనసును తిడుతూ కూర్చున్నారు. నేను ముందు ఒంటి సంగతి అడుగుతాను.

మీ ఉత్తరంలో మూడు చోట్ల, వేరే మాటల మధ్యలో, కొన్ని విషయాలు దొర్లించారు. జుట్టు బాగా రాలుతోందన్నారు. రెండో అంతస్తులోని క్లాసుకు మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్నారు. నెలసరి ఐదారు రోజులు ఎక్కువగా అవుతోందన్నారు. పొద్దున టీ తాగి బయల్దేరితే మధ్యాహ్నం పన్నెండున్నర దాకా ఇంకేమీ తిననని కూడా ఉంది. వీటిని మీరు సమస్యగా చెప్పలేదు. నాకు మాత్రం ముందు ఇవే కనబడ్డాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మీ స్టాఫ్ రూములో సగానికి పైగా. రక్తం తక్కువైన మనిషికి అలసట, చిరాకు, తలనొప్పి మామూలు. థైరాయిడ్ తేడా ఉన్నా దాదాపు ఇలాగే ఉంటుంది. దాన్నంతా ‘నాకు కోపం ఎక్కువైంది’ అనుకుంటూ ఏళ్లు గడిపేసిన ఆడవాళ్లు ఎంతమందో.

ఈ శనివారం ఒక పూట పర్మిషన్ పెట్టి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. సీబీపీ అనే రక్తపరీక్ష, థైరాయిడ్, వీలైతే విటమిన్ బీ12 పరీక్షలు రాయించుకోండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే డాక్టరు ఐరన్ మాత్రలు ఇస్తారు. వాటిని టీతో మింగకండి, టీకీ మాత్రకీ కనీసం గంట ఎడం ఉండాలి. టీ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మీరు రోజుకు ఐదు టీలు తాగుతారు కాబట్టి మరీ చెప్తున్నాను. విరేచనం నల్లగా అవుతుంది, భయపడి మానేయొద్దు. నెలసరి సంగతి కూడా సిగ్గుపడకుండా అక్కడే చెప్పండి. రక్తం అటు పోతూ ఉంటే ఇటు మాత్రలు మింగి లాభం లేదు. పొద్దున పిల్లల డబ్బాలు కట్టేటప్పుడు రెండు చపాతీలో, ఇంత ఉప్మానో మీ కోసం కూడా కట్టుకుని మొదటి పీరియడ్‌కు ముందు తినేయండి. నేను చెప్పబోయే వాటన్నిటిలో మీకు సులువైనది ఇదే, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు నిద్ర. మీ యోగా ఎందుకు బెడిసికొట్టిందో లెక్క వేద్దాం. పిల్లలు పదింటికి పడుకుంటారు. మీరు గిన్నెలు, పేపర్లు ముగించి పదకొండుకు మంచమెక్కి ఒంటి గంట దాకా ఫోన్ చూస్తారు. ఐదింటికి లేస్తారు. నిద్ర నాలుగు గంటలు. అందులోంచి యోగా కోసం ఇంకో అరగంట కోశారు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. యోగా మంచిదే. నిద్రను అమ్మి కొనుక్కుంటే మాత్రం చిరాకు పెరగక ఏమవుతుంది? మానేసి మంచి పని చేశారు. దాన్ని మీ ఓటముల జాబితాలో రాసుకోకండి.

మరి ఆ రెండు గంటల ఫోన్? ‘పాడు అలవాటు’ అని రాశారు. నేను ఆ మాట అనను. రోజు మొత్తంలో ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగని సమయం అదొక్కటే. అందుకే కళ్లు మూసుకుపోతున్నా వదలబుద్ధి కాదు. కాకపోతే ఆ రెండు గంటల ఖరీదు మర్నాడు సాయంత్రం బాబు కడుతున్నాడు. మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, అదే ఫోన్‌ను ముందుకు జరపడం. పిల్లలు పడుకోగానే గిన్నెల కంటే ముందు అరగంట చూసుకుని, ఆ తర్వాత ఫోన్ వంటింట్లో చార్జింగ్‌కు పెట్టేయడం. మొదటి వారం ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది, చెప్తున్నాను. గిన్నెలు ఒక్కోసారి పొద్దుటిదాకా మిగిలిపోతాయి, అత్తమ్మ ఏదో ఒకటి అంటారు. రెండోది, ఫోన్ అలాగే ఉంచుకుని వారానికి నాలుగు రోజులు మాత్రం పదకొండుకు లైటార్పడం. ఇది నెమ్మదిగా పనిచేస్తుంది, కానీ నిలబడుతుంది. నన్నడిగితే మీలాంటి మనిషికి రెండోదే నయం. ఇప్పటికే మీ మీద మీరు బోలెడు నియమాలు పెట్టుకుని ఉన్నారు.

అన్నిటికంటే ముఖ్యమైన గంటన్నర సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర. స్కేలు సంగతి కూడా ఆరున్నరకే జరిగింది. ఆ రోజు మీరేం చేశారో మీరే రాశారు: ఆటో దిగి, చెప్పులు విడిచి, చీర కూడా మార్చుకోకుండా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, ఒక చేత్తో ఉల్లిగడ్డ కోస్తూ హిందీ డిక్టేషన్ చెప్పారు. బడిలో రెండు క్లాసుల మధ్య కూడా మీకు నాలుగు అడుగుల వరండా ఉంటుంది. బడికీ ఇంటికీ మధ్య అది లేకపోయింది. మీకు కావాల్సిన విరామం తెల్లవారుజామున నాలుగున్నరకు పెట్టుకుంటే ఎలా అక్కరకొస్తుంది? కుండ ఖాళీ అయ్యేది సాయంత్రం. నింపాల్సింది దానికి కాస్త ముందు.

ఒక ఇరవై నిమిషాలు చాలు. ఎలా అనేది మీ ఇంటిని బట్టి చూసుకోవాలి. ఆటో ఒక స్టాపు ముందు దిగి నడిచి రావడం ఒక పద్ధతి. ఒంటికీ మంచిది, ఫోన్ సంచిలోనే ఉంటుంది. కానీ భర్త దూరదేశంలో ఉన్న ఆడమనిషి రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తే వాడకట్టులో లెక్కలు కట్టేవాళ్లుంటారని మీకు నేను చెప్పనక్కర్లేదు. పార్లర్ సంగతే అందుకు సాక్ష్యం. వాళ్లను పట్టించుకోవద్దని సులువుగా రాసేయగలను, అక్కడ ఉండేది మీరు. అత్తమ్మకు ముందే చెప్పి ‘డాక్టరు నడవమన్నది’ అంటే చాలావరకు సర్దుకుంటుంది. మాట అబద్ధం కూడా కాకపోవచ్చు, వెళ్లినప్పుడు అడిగి చూడండి.

రెండో పద్ధతి ఇంట్లోనే. వచ్చి కాళ్లు చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, ఏదైనా తింటూ ఒకచోట కూర్చోవడం. పిల్లలకు గడియారం చూపించి ‘పెద్ద ముల్లు ఆరు మీదికొచ్చేదాకా అమ్మ ఇంటర్వెల్’ అని చెప్పాలి. ఇంటర్వెల్ అంటే వాళ్లకు బాగా తెలుసు. పాప మొదటి నాలుగు రోజులు రెండు నిమిషాలకోసారి ‘ఇప్పుడచ్చిందా ముల్లు’ అని అడుగుతుంది. ఎక్కువమంది అక్కడే వదిలేస్తారు, ‘నాకు విశ్రాంతి ఇంతే రాసిపెట్టి ఉంది’ అనుకుని. అడిగినప్పుడల్లా అదే గొంతుతో ‘ఇంకా రాలేదు’ అనండి, మీరు టీచరు కదా, చేయగలరు. రెండో వారానికి వాళ్లే మీకు చెప్తారు, అయిపోయిందని.

మూడోది, హిందీని సాయంత్రం నుంచి తీసేయడం. వీధిలో ట్యూషన్ పెట్టొచ్చు. నెలకు కొంత ఖర్చు, పైగా ‘టీచరమ్మ కొడుకే ట్యూషన్‌కు పోతుండు’ అన్న మాట. లేదా పొద్దున ఆరున్నరకు పావుగంట. పిల్లాడు అప్పుడు తాజాగా ఉంటాడు, కానీ మీకు డబ్బాల హడావుడి. ఇంకోటి కూడా ఉంది, మీ భర్త.

మీ వారిది ఇప్పుడు ఎలాంటి పాత్రో గమనించారా? పిల్లల పనిలో ఆయనకు డ్యూటీ లేదు, తీర్పు చెప్పడం మాత్రం ఉంది. అది ఆయన కోరుకున్నది కూడా కాకపోవచ్చు. గదిలో ఎనిమిది మంది మధ్య పడుకుని లేచి, ఎండలో పనిచేసి, రాత్రి ఫోన్ ఎత్తగానే కొడుకు దెబ్బలు తిన్నాడని విన్న మనిషి ఏదో ఒకటి అంటాడు. ఆ మాట సరైనదని నేననను. కానీ ఆయన చేతికి ఏదైనా పని ఇవ్వకపోతే అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. ఆయన ఆరింటికి పని దిగితే ఇక్కడ ఏడున్నర. వారానికి మూడు రోజులు ఆ కాల్ పావుగంట ముందుకు జరిపి, ఫోన్ గ్లాసుకు ఆనించి, బాబుతో హిందీ చదివించుకోమనండి. దుబాయ్‌లో ఏడేళ్లున్న మనిషికి హిందీ మీకంటే నాకంటే బాగా వస్తుంది! వాడికీ నాయిన నేర్పినట్టుంటుంది. ఆ పావుగంట మీరు వంటింట్లో కాకుండా బయట మెట్ల మీద కూర్చోండి.

ఇది చెప్పే తీరుంది. ‘నువ్వు ఏం చేస్తలేవు’ అని మొదలుపెడితే ఆ రాత్రికి ఫోన్ కట్ అవుతుంది. స్కేలు సంగతితో మొదలుపెట్టండి. ‘ఆ రోజు నేను కొట్టింది తప్పే. మళ్లీ జరగొద్దంటే నాకు సాయంత్రం ఒక చెయ్యి కావాలె’ అని మీరే ముందు చెప్పండి. ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే మీరు అడిగారన్నది మాత్రం ఆయన మనసులో ఉంటుంది, రెండోసారి అడగడం సులువవుతుంది.

ఇక అత్తమ్మ మాట. నలుగురిని పెంచి ఒక్కసారీ అరవలేదంటే నేను నమ్మను, ఆమె ముందు అనకండి గానీ. ఆమె పెంచినప్పుడు పిల్లలు వాడకట్టంతా తిరిగి అన్నం వేళకు ఇంటికొచ్చేవాళ్లు, ఎవరో ఒకరు చూసుకునేవాళ్లు. హిందీ కాపీలు, డయరీ సంతకాలు ఉండేవి కావు. ‘నేను బద్ధకస్తురాలినేమో’ అని మీరే ఒకచోట రాశారు కాబట్టి ఒక అంకె చెప్తాను. 2024లో కేంద్రం చేసిన టైం యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. దాదాపు ఐదు గంటలు. మీది బడి డ్యూటీ పోను. మోకాళ్ల నొప్పి ఉన్నా కూర్చుని చేసే పని ఆమె చేయగలరు. కూరగాయలు తరగడం, పాపకు కథ చెప్పడం. సీరియల్ మొదలయ్యే ముందు అరగంట పాపను ఆమెకు అప్పగించండి. ‘మీ కంటే కథలు ఎవలు చెప్తరు అత్తమ్మా’ అంటే కాదనరు.

మా అమ్మకు ప్రతి ఆదివారం మధ్యాహ్నం తలనొప్పి వచ్చేది. రెండు నుంచి నాలుగు. తలుపు దగ్గరగా వేసి తలకు గుడ్డ కట్టుకుని పడుకునేది, మేం చప్పుడు చేయకుండా తిరిగేవాళ్లం. ఆమెకు డెబ్బై ఏళ్లొచ్చాక అడిగాను, ఆ తలనొప్పి ఎలా తగ్గిందే అని. నవ్వి, ‘తలనొప్పా పాడా, అలా అంటేనే కదే ఎవరూ లేపరు’ అంది. జబ్బు చేస్తే తప్ప ఆడమనిషి పడుకోకూడదన్న ఇంట్లో ఆవిడ కనిపెట్టుకున్న ఉపాయం అది. మీరు తలనొప్పి తెచ్చుకోకుండానే పడుకోగలిగితే మీ పాప ఇంకో రకంగా పెరుగుతుంది.

పిల్లల పక్కనే ఉండి కూడా వాళ్లతో లేనట్టుంటోందని రాశారు. దానికి రోజంతా మార్చనక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు, పేపర్ల కట్టా ఫోనూ లేకుండా, బాబు తల నిమురుతూ చదువు తప్ప ఏదైనా మాట్లాడండి. వాడు మాట్లాడకపోయినా ఊరుకోండి. నిద్ర సరిపోయిన రోజున ఆ పది నిమిషాలు బరువనిపించవు.

ఉత్తరం చివర్లో ‘అన్నీ వదిలేసి ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తుంది’ అన్నారు. అలసిపోయినవాళ్లు చాలామంది ఆ మాట అంటారు. కానీ అది ఎక్కడికో వెళ్లాలన్న కోరిక కాకుండా ఉండకూడదన్న ఆలోచనగా మారినా, రెండు వారాలకు మించి ఏదీ రుచించక ఏడుపే వస్తున్నా, పిల్లలకు ఏమైనా చేసేస్తానేమో అని భయం వేసినా ఆగకండి. 14416కు చేయండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

బాబు సంగతి మిగిలింది. మాట్లాడాలి, ఇంకా ఆలస్యం చేయకండి. పరీక్షల ఫలితాలూ మీ వారి జవాబూ వచ్చేదాకా ఆగే విషయం కాదిది. పక్కన కూర్చుని, ‘ఆ రోజు స్కేలుతో కొట్టడం నా తప్పు. హిందీ రాయకపోవడం నీ తప్పే, కానీ దానికి కొట్టకూడదు. ఇంక కొట్టను’ అని చెప్పండి. అంతవరకే. ‘నువ్వు అట్ల చేస్తే అమ్మకు కోపం రాదా మరి’ అని కలపకండి, క్షమాపణ చెడిపోతుంది. ‘అమ్మ మీద ప్రేమ ఉందా’ అని అడగకండి, మిమ్మల్ని ఓదార్చే పని తొమ్మిదేళ్ల వాడి మీద పడుతుంది. ‘ఇంక అరవను’ అని మాటివ్వకండి, అరుస్తారు. కొట్టనన్న మాట మాత్రం నిలబెట్టుకోగలరు. చెయ్యి లేవబోతున్నట్టు అనిపిస్తే పొయ్యి ఆపి వాకిట్లోకి వెళ్లిపోండి. హిందీ ఆ పూటకు మిగిలిపోతే పోనివ్వండి.

దాచిన స్కేలు సంగతి మీరెత్తకండి. బీరువా వెనక అలాగే ఉండనివ్వండి, తీయాలనిపించిన రోజు వాడే తీస్తాడు. గీతలు కొట్టుకోవడానికి ఈలోపు వాడికో ప్లాస్టిక్ స్కేలు కొనివ్వండి.